పన్నెండు పదాల కాగితం: సిరొంచలో ఒక క్రిప్టో వారసత్వం లెక్క

2024 జూన్ నెల, తొలకరి పడి విత్తనాల దుకాణాల ముందు జనం గుమిగూడే రోజులు. సిరొంచలో అలాంటి దుకాణమే నడిపే 37 ఏళ్ల మనిషి గుండెపోటుతో చనిపోయాడు. నలభై రోజులు కాకముందే అతని తమ్ముడు నా దగ్గరికి వచ్చాడు. ఒక చేతిలో అన్న ఫోన్, ఇంకో చేతిలో కాగితాల సంచి. కూర్చోకుండానే అడిగాడు. "అన్నా, మావాడి ఫోన్‌ల బిట్‌కాయిన్ ఉందట. అది హరామ్ అని అందరూ అంటున్నరు. డిలీట్ చేస్తే మా అన్న గునాహ్ పోతదా?"

గునాహ్ అంటే పాపం. అది పోతుందో లేదో చెప్పడానికి నేను ముఫ్తీని, అంటే మత తీర్పులు చెప్పే పండితుణ్ణి కాను. దుకాణాల లెక్కలు రాస్తాను, ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు వేస్తాను. దానితోపాటు చాలా ఏళ్లుగా మా ముస్లిం కుటుంబాలకు మీరాస్, అంటే వారసత్వ పంపకాల లెక్కలు కట్టి, ముఫ్తీ సాబ్‌కు చూపించి, ఆయన చెప్పినట్టు అమలు చేసే పని చేస్తున్నాను. సిరొంచ గడ్చిరోలి జిల్లా చివర ఉంది. ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు, వంతెన దాటితే కాళేశ్వరం. ఇంట్లో తెలుగు, తహసీల్ ఆఫీసులో మరాఠీ, మసీదులో ఉర్దూ. కాగితాలు ఒక భాషలో, ఫత్వాలు ఒక భాషలో, ఏడుపు ఒక భాషలో వస్తాయి. వాటిని ఒకే పద్దులోకి తేవడమే నా పని.

ఈ కేసు రాయడానికి కారణం ఉంది. మా వైపు పత్తి, మిర్చి చేలల్లో పనిచేసే కుర్రాళ్ల ఫోన్లలో కూడా ఇప్పుడు క్రిప్టో ఉంది. ఇంట్లో వాళ్లు అడిగేది మాత్రం ఒకటే ప్రశ్న, హలాలా హరామా, అంటే మతం ఒప్పుకునేదా కాదా అని. ఆ ప్రశ్నకు ఒకే మాటలో జవాబు చెప్తే ఈ కుటుంబం లెక్కలో ఒక్క వరుస కూడా తెగేది కాదు. కుటుంబం ఆనవాళ్లు మార్చాను, మొత్తాలను కొంత గుండ్రం చేశాను.

ఇంట్లో ఎవరు, ఫోన్‌లో ఏమిటి

చనిపోయిన మనిషికి భార్య, తల్లి, తొమ్మిదేళ్ల కొడుకు, ఆరేళ్లు మూడేళ్ల వయసున్న ఇద్దరు కూతుళ్లు. తండ్రి ముందే పోయాడు. కొడుకు ఉన్నాడు కాబట్టి తమ్ముడికి వాటా లేదు. అది అతనికి మొదటి రోజే తెలుసు. వాటా లేకపోయినా మా ఆఫీసు చుట్టూ పది నెలలు తిరిగాడు. అన్న కబర్‌లో సుఖంగా ఉండాలన్నదే అతని తపన. ఈ కేసులో నాకు అందరికంటే ఎక్కువ అడ్డుపడ్డవాడూ, అందరికంటే ఎక్కువ గౌరవం కలిగించినవాడూ అతనే.

దుకాణం అప్పులు దుకాణం సరుకుతోనే తీరాయి. భూమి సంగతి వేరే రాయాలి, ఇక్కడ ఫోన్‌లోని సొత్తు వరకే చెప్తాను. అతను కాయిన్లు కొని అమ్మిన ఎక్స్ఛేంజ్ నుంచి స్టేట్‌మెంట్ తీయించి, బ్యాంకు పాస్‌బుక్ పక్కన పెట్టుకుని మూడు రాత్రులు కూర్చున్నాక ఇంత తేలింది. బిట్‌కాయిన్ మొత్తం 0.11. దానికి పెట్టింది 2,90,000 రూపాయలు. డాలర్‌తో ముడిపెట్టిన యూఎస్‌డీటీ 95,000 విలువైనది, దాన్ని 'ఎర్న్' పథకంలో పెడితే వచ్చిన వడ్డీ 11,400. ఫ్యూచర్స్ ఆటలో, అంటే కాయిన్ చేతికి రాకుండా దాని ధర మీద కాసే పందెంలో గెలిచింది 1,86,000, పోగొట్టుకుంది 2,31,000. కుక్క బొమ్మ ఉన్న కాయిన్ ఒకటి 38,000 పెట్టి కొన్నాడు, అది 900 అయింది. ఇవి కాక ఎక్స్ఛేంజ్‌తో సంబంధమే లేని ఒక 'కాయిన్ ప్లాన్'లో ఒక ఏజెంట్ చేతికి లక్ష ఇచ్చాడు. ఇద్దరు స్నేహితుల దగ్గర తీసుకున్న లక్షన్నర కూడా ఇందులో కలిసి ఉంది.

ఇవన్నీ కలిపి ఇంట్లో వాళ్లు 'బిట్‌కాయిన్' అంటున్నారు. గొడవంతా అక్కడే మొదలైంది.

కాగితం

స్టేట్‌మెంట్‌లో బిట్‌కాయిన్ 0.08 మాత్రమే ఉంది. కొన్నది 0.11. మిగతా 0.03ని 2023లో బయటికి పంపినట్టు ఉంది. ఎక్కడికి పంపాడు? సంచి మొత్తం కింద పోశాను. సాత్‌బారా, అంటే పొలం పహాణీ ఉన్న ఫైలులో నోట్‌బుక్ నుంచి చింపిన కాగితం ఒకటి దొరికింది. దాని మీద వరసగా పన్నెండు ఇంగ్లిష్ పదాలు. ఇంట్లో వాళ్లు దాన్ని పెద్ద పాప స్పెల్లింగ్ హోంవర్క్ అనుకున్నారు.

సొంత వాలెట్, అంటే ఎక్స్ఛేంజ్ బయట కాయిన్లు దాచుకునే ఏర్పాటు పెట్టుకున్న ప్రతివాడికీ ఇలాంటి పదాలు ఉంటాయి, పన్నెండో ఇరవై నాలుగో. ఆ పదాలు ఎవరి దగ్గరుంటే కాయిన్ వాళ్లదే. నామినీ ఉండడు, బ్యాంకు మేనేజర్ ఉండడు, సంతకం పోల్చి చూసేవాళ్లు ఉండరు. నేను ఈ మాట చెప్పగానే తమ్ముడి ముఖం మాడిపోయింది. అదేంటో చెప్పమని ఆ కాగితాన్ని ఫోటో తీసి ఇద్దరికి వాట్సాప్‌లో పంపానన్నాడు.

ఆ రాత్రి ఇషా నమాజ్ తర్వాత వాళ్లింట్లోనే కూర్చున్నాం. తల్లి, భార్య, మసీదు కమిటీ పెద్ద ఒకాయన సాక్షులు. కొత్త వాలెట్ తెరిచి 0.03 అందులోకి మార్చాం. కొత్త పదాలను రెండు కవర్లలో పెట్టి లక్క వేసి, ఒకటి తల్లికి, ఒకటి కమిటీ పెద్దకు అప్పగించాం. ఎంత, ఎప్పుడు, ఎందుకు మార్చామో కాగితం మీద రాసి అందరం సంతకాలు పెట్టాం. ఇది అమానత్, అంటే నమ్మి అప్పగించిన సొత్తు అని రాశాం, ఎవరి సొంతం అనీ రాయలేదు. ఇలాంటి కేసు ఎవరి చేతికైనా వస్తే హలాల్ హరామ్ చర్చకు ముందు చేయాల్సిన పని ఇది. ఆ ఫోటో ఎవరైనా వాడుకుని ఉంటే చర్చించడానికి సొత్తే మిగిలేది కాదు.

ఇది ధనమేనా?

తమ్ముడి ఫోన్‌లో రెండు ఫత్వాల సంగతి ఉంది. అప్పటి ఈజిప్టు గ్రాండ్ ముఫ్తీ షౌకీ అల్లాం 2018 మొదట్లో బిట్‌కాయిన్ లావాదేవీలు నిషిద్ధమన్నారు. దేవ్‌బంద్ మదర్సా ఫత్వా విభాగం దారుల్ ఇఫ్తా కూడా నాజాయెజ్, అంటే చెల్లదనే చెప్పింది. భార్య అన్నగారు మంచిర్యాల నుంచి వచ్చినప్పుడు ఆయన ఫోన్‌లో ఇంకో వార్త ఉంది. మలేషియా సెక్యూరిటీస్ కమిషన్‌కు చెందిన షరియా సలహా మండలి 2020లో, రిజిస్టరైన ఎక్స్ఛేంజీల్లో డిజిటల్ ఆస్తుల కొనుగోలు, అమ్మకం చేయవచ్చని తీర్మానించింది. ఆయనా, తమ్ముడూ నా ఎదురుగానే ఫోన్లు చూపించుకుని వాదించుకున్నారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు.

ఆ రెంటి మధ్య ఇంకా మాటలున్నాయి. ఇండోనేషియా ఉలేమా కౌన్సిల్ 2021 నవంబర్‌లో క్రిప్టోను డబ్బుగా వాడటం హరామ్ అంది. సరుకుగా కూడా మామూలుగా చెల్లదంది. అయితే వెనక ఒక ఆధారం, స్పష్టమైన ప్రయోజనం ఉండి, సరుకుకు షరియత్ పెట్టిన షరతులు తీరితే అమ్మవచ్చంది. ఇస్లామిక్ సహకార సంస్థకు చెందిన ఫిఖ్ (ఇస్లామిక్ న్యాయశాస్త్ర) అకాడమీ 2019 నవంబర్‌లో దుబాయ్‌లో కూర్చుని, తీర్పు చెప్పకుండా ఇంకా అధ్యయనం కావాలంది. అంత పెద్ద సభ ఆగిన చోట మా వాట్సాప్ గ్రూపులు ఆగలేదు.

అసలు చిక్కు ఇది. పంచాలంటే ముందు అది 'మాల్' కావాలి, అంటే షరియత్ గుర్తించే ధనం. మా వైపు అందరూ హనఫీ న్యాయ సంప్రదాయం పాటించేవాళ్లు. హనఫీ పండితుడు ఇబ్న్ ఆబిదీన్ మాల్ అంటే మనిషి మనసు దానివైపు మొగ్గేది, అవసరానికి దాచుకోగలిగేది అని వివరించాడు. చేత్తో పట్టుకోలేని కాయిన్ దీనికిందికి వస్తుందా? కాదనేవాళ్లు, అది కేవలం ఊహ, వెనక ప్రభుత్వమూ లేదు, వస్తువూ లేదు అంటారు. ధర రాత్రికి రాత్రి పడిపోతుంది, అందులో గరర్ ఉంది, అంటే ఏం కొంటున్నామో ఏమవుతుందో తెలియని అనిశ్చితి. జూదం వాసన ఉంది అంటారు. ఔననేవాళ్లు, డబ్బు అంటే జనం ఒప్పుకున్నదే కదా అంటారు.

ఈ రెండో వాదనకు పాత కితాబుల్లో బలం ఉంది. ఖలీఫా ఉమర్ ఒంటె తోలుతో దిర్హమ్‌లు చేయిద్దామనుకున్నారనీ, అలా చేస్తే ఒంటెలే మిగలవని ఎవరో అంటే మానుకున్నారనీ చరిత్రకారుడు బలాజురీ రాశాడు. మానుకున్న కారణం ఒంటెల కొరతే, తోలు డబ్బు కాలేదని ఆయన అనలేదు. ఇమామ్ మాలిక్ కూడా, జనం తోళ్లనే నాణేలుగా నడుపుకుంటే వాటిని బంగారం, వెండికి అరువు మీద అమ్మడం నాకు ఇష్టం లేదన్నారు. అంటే డబ్బుకు ఉన్న నియమాలు ఆ తోలుకూ పడతాయనే కదా అర్థం.

నా సొంత అభిప్రాయం దాచుకోను. పూర్తి సొమ్ము చెల్లించి, అప్పు లేకుండా కొని, తన చేతిలోకి తెచ్చుకున్న బిట్‌కాయిన్‌ను నేను మాల్‌గానే లెక్క వేస్తాను. ఆ పన్నెండు పదాలు చేతిలో ఉండటం నా దృష్టిలో ఖబ్జా, అంటే స్వాధీనమే. పొలం గట్టు మీద నిలబడ్డంత స్వాధీనం. అయినా ఇన్నేళ్లలో ఒక్కరికీ కొనమని చెప్పలేదు, చెప్పను. మా ఊళ్లో దాన్ని కొనేవాడు ఏం కొంటున్నాడో తెలుసుకుని కొనడం నేను చూడలేదు. రేపు రెట్టింపు అవుతుందన్న ఆశతోనే కొంటారు. వస్తువు జూదం కాకపోయినా మనసు జూదమాడుతుంది.

మా ముఫ్తీ సాబ్ అభిప్రాయం నాకంటే కఠినం. క్రిప్టో వ్యాపారం చేయకూడదనే ఆయన మాట. కానీ ఈ కేసు ముందు పెట్టినప్పుడు ఆయన మొదట అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ పాఠమే. "కొనొచ్చా అని అడుగుతున్నారా, చనిపోయినవాడు వదిలిపోయింది ఎవరిదని అడుగుతున్నారా? రెండూ వేరు. రెండోదానికి నాకు వరస వరసగా లెక్క తెండి. ప్రతి రూపాయి ఎక్కడి నుంచి వచ్చిందో రాయండి."

వరస వరసగా

నేరుగా కొన్న బిట్‌కాయిన్ గురించి ఆయన ఇలా అన్నారు. పండితుల మధ్య భేదం ఉన్న విషయం ఇది. స్నేహితులు ఇచ్చింది పోను, కొన్న సొమ్ము దుకాణం లాభం, హలాల్ సంపాదన. కాబట్టి ఇది ముష్తబహ్, అనుమానాస్పదం. నిశ్చయంగా హరామ్ అని చెప్పి వారసుల చేతిలోంచి లాక్కోలేను, తర్కాలో, అంటే చనిపోయినవాడు వదిలిన ఆస్తిలో కలపండి. హలాల్ స్పష్టం, హరామ్ స్పష్టం, రెంటి మధ్యా చాలామందికి తెలియని అనుమానపు సంగతులున్నాయన్న నుమాన్ బిన్ బషీర్ చెప్పిన హదీసును, అంటే ప్రవక్త మాటను గుర్తు చేశారు.

'ఎర్న్' వడ్డీ 11,400 గురించి రెండో మాట లేదు. అసలు మీద నిర్ణీత శాతం ఇస్తామని తీసుకున్న అప్పు, అది రిబా, అంటే షరియత్ నిషేధించిన వడ్డీ. కాయిన్ పేరు పెట్టినంత మాత్రాన మారదు. పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చేయమన్నారు. ఇచ్చాం.

ఫ్యూచర్స్ దగ్గర నేను తడబడ్డాను. అతను దుకాణం కట్టేశాక రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఆడేవాడు. ఇరవై రెట్ల లెవరేజ్. వెయ్యి పెట్టి ఇరవై వేల పందెం. కాయిన్ తన చేతికి రాదు, అమ్మేదీ తన దగ్గర లేదు. ధర కాస్త అటూ ఇటూ అయితే పెట్టింది మొత్తం పోతుంది. పందెం నిలబెట్టి ఉంచినందుకు ఎనిమిది గంటలకోసారి ఒకరి నుంచి ఇంకొకరికి ఫీజు నడుస్తుంది. నీ దగ్గర లేనిది అమ్మవద్దని హకీమ్ బిన్ హిజామ్‌తో ప్రవక్త చెప్పిన మాట సూటిగా తగిలేది ఇక్కడే. క్రిప్టోను అనుమతించే పండితుల్లోనూ ఈ ఆటను సమర్థించేవాళ్లు నాకు తారసపడలేదు. నా తడబాటు తీర్పు దగ్గర కాదు, లెక్క దగ్గర. గెలిచిన 1,86,000 హరామ్ అయితే దాన్ని తర్కా నుంచి తీసి దానం చేయాలా? ముఫ్తీ సాబ్ అడిగారు, "ఆ సొమ్ము ఇప్పుడు ఉందా?" లేదు. గెలిచిందీ పోయింది, పైన 45,000 అతని సొంతమూ పోయింది. "లేని సొమ్మును పిల్లల సొమ్ములోంచి తీయకండి. దానికి అతని కోసం దువా చేయండి." తమ్ముడు ఆ రోజు గట్టిగా ఏడ్చాడు.

కుక్క బొమ్మ కాయిన్ 900కు అమ్మేశాం.

ఇక ప్లాన్. మహారాష్ట్రలో ఈ కథ కొత్త కాదు. నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు ఇస్తామని జనం నుంచి బిట్‌కాయిన్లు సేకరించిన గెయిన్‌బిట్‌కాయిన్ నిర్వాహకుణ్ణి పుణె పోలీసులు 2018లో అరెస్టు చేశారు. 'హలాల్ పెట్టుబడి' అన్న మాట నమ్మి కూడా మనవాళ్లు ఎంత నష్టపోయారో 2019లో బెంగళూరులో ఐఎంఏ అనే పెట్టుబడి సంస్థ కూలినప్పుడు చూశాం. అయినా మా ఊరికి ఇంకో పేరుతో ఒక ప్లాన్ వచ్చింది. చనిపోయిన మనిషి అందులో లక్ష కట్టి, 64,000 తిరిగి అందుకున్నాడు, తర్వాత ఆగిపోయింది. ఇచ్చినదానికంటే తక్కువే వచ్చింది కాబట్టి అందులో పరాయి సొమ్ము మిగలలేదు. కానీ తన దుకాణంలో విత్తనాలు కొనే ముగ్గురు రైతుల్ని అతనే చేర్పించాడు. ఒక్కొక్కరు 20,000 కట్టారు. చేర్పించినందుకు మనిషికి 6,000 చొప్పున 18,000 అతని ఖాతాలో పడింది. రైతులకు రాబడి ఒక్క రూపాయి రాలేదు.

ఈ 18,000 ఏ పండితుడి భేదాభిప్రాయంలోనూ లేదు. ఇందులో అసలు కాయిన్ అనేదే లేదు, ఒకరి జేబులోంచి తీసి ఇంకొకరికి పెట్టడమే ఉంది. ఒకరి సొమ్ము ఒకరు అన్యాయంగా తినకండి, పరస్పర సమ్మతితో చేసే వ్యాపారం తప్ప అని ఖుర్ఆన్ నాలుగో సూరా చెప్పింది. మనుషులు ఎదురుగా ఉన్నారు కాబట్టి ఇది దానం చేస్తే తీరేది కాదు, వాళ్లకే తిరిగి ఇవ్వాలి. ఇది అప్పు. పంపకానికి ముందు తీరాలి. ఇంటిల్లిపాదీ బిట్‌కాయిన్ గురించి నిద్ర మానుకున్నారు గానీ, ఈ 18,000 గురించి నేను చెప్పేదాకా ఎవరూ అడగలేదు.

స్నేహితులు

ఒక స్నేహితుడు లక్ష ఇచ్చాడు. వాట్సాప్‌లో మాట స్పష్టంగా ఉంది, "నష్టమొస్తే నాది, నెలకు మూడు వేలు ఇస్తా." రెండో స్నేహితుడు 50,000 ఇచ్చాడు. అతనితో మాట, "లాభమొస్తే చెరిసగం." ఇద్దరూ అదే కాయిన్ కోసమే ఇచ్చారు, అయినా షరియత్‌లో రెండూ పూర్తిగా వేరు. మొదటిది అప్పు, ఆ మూడు వేలు వడ్డీ. రెండోది ముదారబా. పెట్టుబడి ఒకరిది, శ్రమ ఒకరిది, లాభం పంచుకుంటారు, నష్టం పెట్టుబడిదారుడిది. పనిచేసేవాడు చనిపోతే ముదారబా అక్కడితో ముగుస్తుంది, లెక్క తేల్చాలి.

మొదటి స్నేహితుడికి పద్నాలుగు నెలలు మూడేసి వేలు చొప్పున 42,000 అందాయి. ముఫ్తీ సాబ్ దాన్ని అసలులో తీరినట్టు రాయమన్నారు, అంటే బాకీ 58,000. అతను లేచి నిలబడ్డాడు. "నాకు లక్ష రావాలె. వాడు బతికుంటే ఇచ్చేటోడు" అని వెళ్లిపోయాడు. నేనేమీ అనలేదు. మూడో శుక్రవారం నమాజ్ అయ్యాక అతనే వచ్చి 58,000కు ఒప్పుకుంటూ సంతకం పెట్టాడు. కోర్టులో వేస్తే అతని వాదన గట్టిదే అయ్యేదేమో, అది అతనికీ తెలుసు.

రెండో స్నేహితుడి 50,000తో అదే రోజు 0.02 బిట్‌కాయిన్ కొన్నట్టు స్టేట్‌మెంట్‌లో ఉంది. తేదీ, మొత్తం సరిపోయాయి. అందుకే అతని లెక్క తేలిక అయింది. ఎవరైనా ఇంకొకరి సొమ్ము పెడుతుంటే కనీసం ఆ రోజు ఆ సొమ్ముకే కొనండి, ఒక మాట రాసి పెట్టండి. అప్పు విషయంలో రాసుకోమని ఖుర్ఆన్‌లో అంత పొడవైన ఆయత్ వచ్చింది ఇందుకే కదా.

యతీమ్‌ల (తండ్రి లేని పిల్లల) వాటా

అన్నిటికంటే కష్టమైన చర్చ సెప్టెంబర్‌లో జరిగింది. తమ్ముడు ఒక నిర్ణయానికి వచ్చి కూర్చున్నాడు. "అనుమానం ఉన్నదంటే వదిలేద్దాం. బిట్‌కాయిన్ మొత్తం అమ్మి గరీబులకు పంచుదాం. మా అన్నకు తేలిక అయితది." తల్లి తలూపింది. భార్య మాట్లాడలేదు. భర్త పోయాక పాటించే ఇద్దత్ గడువు పూర్తి కాలేదు, పరదా వెనక కూర్చుంది. ఆ నిశ్శబ్దంలో మూడేళ్ల పాప ఒక్కతే తిరుగుతోంది.

అనుమానమున్నదాన్ని వదలడం తఖ్వా, అంటే దైవభీతి, దానికి నేనెట్లా అడ్డుచెప్పగలను? ముఫ్తీ సాబ్‌కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. ఆయన చెప్పింది నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "మీ వాటా మీరు వదలండి, అల్లాహ్ మెచ్చుకుంటాడు. పిల్లల వాటా వదలడానికి మీరెవరు? యతీమ్ సొమ్ము తినేవాళ్లు కడుపులో నిప్పు నింపుకుంటారని ఖుర్ఆన్ చెప్పింది. దానం పేరుతో పోగొట్టినా పోగొట్టినట్టే. నిశ్చయంగా హరామ్ అయినది వాళ్లది కానే కాదు, తీసేశాం. అనుమానమున్నది వాళ్లది. వాళ్లు పెద్దయ్యాక వాళ్ల తఖ్వా వాళ్లు చూసుకుంటారు."

అందుకే వరస వరసగా లెక్క అవసరమైంది. అంతా హరామ్ అని ఒక్క మాట అనేస్తే పిల్లల మూడు లక్షల పైచిలుకు పోయేది. అంతా హలాల్ అనేస్తే రైతుల 18,000, వడ్డీ 11,400 పిల్లల అన్నంలో కలిసేవి.

జకాత్, అంటే ధనం మీద తప్పనిసరిగా తీయాల్సిన దానం సంగతి కూడా అప్పుడే వచ్చింది. అతను కాయిన్ల మీద జకాత్ ఎప్పుడూ తీయలేదు. హనఫీ సంప్రదాయం ప్రకారం వసియ్యత్ (వీలునామా) లేకపోతే తర్కాలోంచి బలవంతంగా తీయరు. పెద్దవాళ్లు తమ వాటాలోంచి ఇష్టంగా ఇవ్వొచ్చు. భార్య తన వంతులోంచి కొంత ఇచ్చింది, ఎంతో ఇక్కడ రాయవద్దంది.

కోర్టు, పన్ను

ముస్లిం చట్టంలో మైనర్ పిల్లల ఆస్తికి తల్లి దానంతట అదే సంరక్షకురాలు కాదు, చిన్నాన్న కూడా కాదు. తండ్రి, తాత, లేదా వాళ్లు నియమించినవాళ్లు లేకపోతే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద జిల్లా కోర్టు నియమించాలి. సిరొంచ నుంచి గడ్చిరోలి 200 కిలోమీటర్ల పైమాటే. ఎన్నిసార్లు పోయొచ్చామో లెక్క పెట్టలేదు. ఎక్స్ఛేంజ్ వాళ్లు అడిగిన కాగితాలు ప్రతిసారీ ఒకటి పెరిగేవి.

ఈలోగా ధర మాకోసం ఆగలేదు. అతను పోయిన రోజుల్లో ఒక బిట్‌కాయిన్ 54 లక్షల దగ్గర ఉంది. డిసెంబర్‌లో లక్ష డాలర్లు దాటింది, అంటే 85 లక్షలు. తమ్ముడి స్నేహితులు "ఇప్పుడు అమ్మకపోతే మూర్ఖులు" అన్నారు. ఉత్తర్వు లేకుండా పిల్లల ఆస్తి అమ్మే హక్కు మాకు లేదు. ఏప్రిల్‌లో ఉత్తర్వు చేతికొచ్చేసరికి సుమారు 70 లక్షలకు దిగింది. తల్లి ఒక్క మాట అంది. "బిడ్డా, నాకు ఆ అంకె చెప్పకు. అమ్మినంక ఎంతొచ్చిందో చెప్పు." ఆ పది నెలల్లో ఆ ఇంట్లో టెన్షన్ లేకుండా ఉన్నది ఆమె ఒక్కతే.

పన్ను విషయం తొందరగా చెప్తాను. క్రిప్టో వ్యాపారానికి బ్యాంకులు సేవలు ఇవ్వకూడదన్న రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్‌ను సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టేసింది. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్ ఉంది. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో తగ్గించుకోనివ్వరు. అమ్మినప్పుడు 1 శాతం టీడీఎస్ కోస్తారు. పన్ను వేసింది కాబట్టి ప్రభుత్వం ఒప్పుకున్నట్టే, అందుకే హలాల్ అని వాదించినవాళ్లూ ఉన్నారు. లాటరీ గెలుపు మీద కూడా 30 శాతం పన్ను ఉంది. 7,70,000కు అమ్మితే, కొన్న ధర 2,90,000 పోను లాభం 4,80,000, దాని మీద పన్ను 1,49,760 పక్కన పెట్టాం.

పంపకం

అమ్మకం 7,70,000, యూఎస్‌డీటీ 95,000, ఆ 900 కలిపి 8,65,900. పన్ను తీస్తే 7,16,140. ముదారబా స్నేహితుడికి అసలు, పన్ను పోను మిగిలిన లాభంలో సగం కలిపి 80,960. మొదటి స్నేహితుడికి 58,000. రైతులకు 18,000. పెళ్లిలో భార్యకు ఇస్తానని ఒప్పుకుని చెల్లించని మెహర్ 51,000. మెహర్ కూడా అప్పే, వాటాకు ముందు తీరాలి. ఆమెకు ఆ సంగతి తెలియదు, వదిలేశాననుకుంటోంది. ఎప్పుడైనా మాఫ్ చేశావా అని అడిగించాను. లేదంది. కోర్టు ఖర్చులు, తిరుగుడు ఖర్చులు 28,180. చిల్లర పోను అంకె సరిపడేలా నా ఫీజు తగ్గించుకున్నాను. మిగిలింది 4,80,000.

భార్యకు ఎనిమిదో వంతు 60,000. తల్లికి ఆరో వంతు 80,000. మిగిలిన 3,40,000లో కొడుకుకు 1,70,000, కూతుళ్లకు చెరి 85,000.

పిల్లల సొమ్ము బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలని కోర్టు ఉత్తర్వు. రిబా తప్పించుకుని వచ్చి మళ్లీ రిబా ముందు నిలబడ్డాం. అసలును రూపాయి తగ్గకుండా కాపాడమంది కోర్టు, దాన్ని ధిక్కరించలేం. ముఫ్తీ సాబ్‌తో మాట్లాడి, భార్యకు ఒక నోట్‌బుక్ ఇచ్చాను. ఎడమవైపు అసలు, కుడివైపు వడ్డీ. కుడివైపుది పిల్లలు వాడరు. ఆమె ఏడో తరగతి దాకా మరాఠీ మీడియంలో చదివింది. అంకెలు మరాఠీలో వేస్తుంది, పక్కన తెలుగులో రాస్తుంది.

తల్లి తన 80,000 తీసుకోవడానికి ఒప్పుకోలేదు. మనవళ్లకు ఇవ్వమంటే, "నేను తినలేనిది వాళ్లకెట్ల పెడత?" అంది. రెండు వారాల తర్వాత నన్నే పిలిపించింది. "ఆ ముగ్గురు రైతులకు ఇంకెంత పోయింది?" మనిషికి 20,000లో 6,000 తిరిగి ఇచ్చాం, 14,000 చొప్పున 42,000 ఏజెంట్ చేతికే పోయాయి. అది మీ కొడుకు బాకీ కాదు, తీసుకున్నవాడి బాకీ అని చెప్పాను. ముఫ్తీ సాబ్ కూడా అదే అన్నారు. "నా కొడుకు మొహం చూసి ఇచ్చిన్రు" అంది. ఆమెతో వాదించలేదు.

మే నెల ఎండలో తమ్ముడి బండి వెనక ఆమె, నా బండి మీద నేను, ప్రాణహిత ఒడ్డున ఉన్న ఆ ఊరికి పోయాం. మొదటి ఇద్దరూ తీసుకున్నారు. మూడో ఆయన కల్లంలో మిర్చి ఎత్తుతున్నాడు. చేతులు తుడుచుకుని డబ్బు లెక్కపెట్టుకున్నాడు. 2,000 జేబులో పెట్టుకుని మిగతా 12,000 మళ్లీ నా చేతిలో పెట్టాడు.

"అన్నా, నేను మళ్ల మా బామ్మర్దిని, పక్క చేను ఆయనను చేర్పించిన. వాళ్ల మీద నాకు ఆరేసి వేలు వచ్చినయ్. ఇవి వాళ్లవి. నువ్వే రాసి ఇయ్యి, నేనిస్తే నా మొహం మీద కొడతరు."

నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీసి ఆ ఇద్దరి పేర్లు రాసుకున్నాను. పక్క చేను ఆయన ఆ వారమే దొరికాడు. బామ్మర్ది పనికి చెన్నూరు వైపు పోయాడట, ఇంకా రాలేదు. అతని 6,000 నా బీరువాలో కవర్‌లో ఉన్నాయి.